నాకన్నా ముందు బయలుదేరిన పాస్‌పోర్టు

విదేశం పోయే మనుషులు మూడు రోజుల ముందు బట్టలు సర్దుకుంటారు. నేను మూడు రోజుల ముందు నా పాస్‌పోర్టును పంపించేశాను. అది నాకోసం ఆగకుండా తన మానాన తాను ఊళ్లు తిరిగింది. దాని వెనకాల నేను తిరిగాను. ఇది చదివాక మీరు నన్నేమనుకున్నా నొచ్చుకోను. మా ఇంట్లోవాళ్లు అంతకన్నా ఎక్కువే అనేశారు, ఇప్పటికీ ఎవరైనా చుట్టాలు వస్తే కాఫీతో పాటు ఈ కథ కూడా పెడుతుంటారు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. నాకప్పుడు ఇరవై ఎనిమిది. మా నాయనది బట్టల అంగడి. ఆ అంగడి గోడకు ఒక క్యాలెండరు ఉండేది, సూరత్ నుంచి చీరలు పంపే వ్యాపారి ఇచ్చింది. ఏడాది ఎప్పుడో గడిచిపోయినా బొమ్మ బాగుందని నాయన తీసేయలేదు. నది, నది మీద రాతి వంతెన, వంతెనకు రెండు పక్కలా విగ్రహాలు, వెనక ఎర్ర పెంకుల ఇళ్లు. కింద చిన్న అక్షరాల్లో ప్రాగ్, యూరపు అని ఉండేది. చిన్నప్పుడు సెలవుల్లో అంగట్లో కూర్చున్నప్పుడల్లా ఆ వంతెన మీద నడిచేదాన్ని. గిరాకీ వచ్చి జాకెట్టు గుడ్డ అడిగితే తిరిగొచ్చేదాన్ని.

ఉద్యోగంలో చేరిన ఆరో ఏట, వేసవి సెలవుల్లో నిజంగానే పోవాలని తీర్మానించుకున్నాను. ఇంట్లో చెప్పిన రోజు మా జమ్మలమడుగు అత్త కూడా ఉంది. నాయనకు అక్క. ఆమె మాటంటే మా ఇంట్లో సుప్రీంకోర్టు తీర్పు.

"ఎవురితో పోతాండావు?" అన్నాడు నాయన.

"ఒక్కదాన్నే."

"ఒక్కదానివే అంటే, మీ కాలేజీ నుంచి ఎంతమంది?" అంది అత్త.

ఒక్కదాన్నే అంటే ఒక్కదాన్నే అని ఆమెకు అర్థం చేయించడానికి నాకు ఒక పూట పట్టింది. ప్రాగ్ పక్కన చూడదగ్గ ఊళ్లు కూడా ఉన్నాయని, ఒకచోట కొండ మీద పెద్ద కోట ఉందని చెప్పాను. కోట చూసేదానికి అంత దూరం ఎందుకు, మా ఇంటికొస్తే గండికోట చూపించనా అంది అత్త. ఇంకో ఊళ్లో మనుషుల ఎముకలతో అలంకరించిన చర్చి ఉందని ఉత్సాహం కొద్దీ నోరు జారాను. అత్త చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ పూట మళ్లీ ముట్టుకోలేదు.

నాయన మాత్రం అంగట్లో బేరం తెగ్గొట్టే గొంతుతో ఒక షరతు పెట్టాడు.

"పో. నేనేం వద్దన్ను. కానీ ఇంట్లోంచి అడుగు బయట పెట్టినప్పట్నుంచి ఇమానం ఎక్కేదాకా అన్నీ నువ్వే చూసుకోవాల. నడమ సాయానికని నాకు గానీ ఇంకెవురికన్నా గానీ ఫోన్ చేసినావా, ఆన్నుంచి అట్లే ఇంటికి రావాల. చెయ్యకుండా పోయినావంటే, ఇంక జన్మలో నిన్ను యాడికి అని అడగను."

చూశారా బేరం. ఒక్కసారి నెగ్గితే ప్రపంచం మొత్తం నాది. ఓడితే తిరుపతికి కూడా ఎవరో ఒకరిని వెంటేసుకుని పోవాల్సిందే. సరేనన్నాను.

ఆ తర్వాత నేను చేసిన ఏర్పాట్లు చూసి మా కాలేజీ ప్రిన్సిపాలు, ఇందులో సగం శ్రద్ధ రిజల్ట్సు మీద పెట్టకూడదా తల్లీ అన్నాడు. నాలుగు రంగుల స్కెచ్చు పెన్నులతో గోడంత చార్టు గీశాను. ఏ రోజు ఏ వీధి, ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం, ఏ పూట ఏ మేజోళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. వీసాకని రెండుసార్లు బెంగళూరు పోయొచ్చాను. వీపున బ్యాగు తగిలించుకుని నడవడం అలవాటు కావాలని రోజూ పొద్దున రాజుపాళెం రోడ్డు మీద నడిచేదాన్ని. మూడో రోజు ఎవరో పెద్దాయన ఆపి, ఇల్లిడిసి పోతాండావా తల్లీ, ఇంట్లో కొట్టినారా అని కనుక్కున్నాడు.

అంతా బాగుంది. ఒక్క శుక్రవారమే బాగాలేదు.

శనివారం మధ్యాహ్నం బెంగళూరులో విమానం. కాబట్టి శుక్రవారం పొద్దున ఇంట్లో బయలుదేరాలి. అమ్మ పంచాంగం చూసి, శుక్రవారం పడమటికి వారశూల, బయలుదేరే ప్రశ్నే లేదంది. విమానం వాళ్లతో మాట్లాడి రోజు మార్పించుకోమంది. అది ఆర్టీసీ వాళ్లతోనే కుదరదని చెబితే, అయితే ప్రస్థానం పెడదామంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మనం పోవాల్సిన రోజు మంచిది కాకపోతే, మంచి రోజు చూసి మన వస్తువొకటి ముందుగా సంచిలో కట్టి, పోయే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో పెట్టి రావడమే ప్రస్థానం. వస్తువు బయలుదేరితే మనం బయలుదేరినట్టే లెక్క. తర్వాత తీరిగ్గా పోతూ దాన్ని తీసుకుని పోవచ్చు. ఒకటే నియమం, ఆ సంచి వెనక్కి ఇంటికి రాకూడదు. వస్తే ప్రయాణం చెడినట్టే.

ప్రొద్దుటూరుకు పడమర జమ్మలమడుగు. అక్కడ అత్త ఇల్లు. బుధవారం మంచిది. ఒక చీరో చున్నీయో పెట్టుకో అని అమ్మ నా చేతికి మా అంగడి పేరు అచ్చేసిన గుడ్డ సంచి ఇచ్చింది.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. ఫిజిక్సు చెప్పేదాన్ని కదా, దేన్నీ సగం సగం చేయకూడదు. చున్నీ బయలుదేరితే నేను బయలుదేరినట్టు ఎట్లా అవుతుంది? నేను లేకపోతే పనికిరానిది, అది లేకపోతే నేను పోలేనిది ఒకటుంది కదా. పైగా యూరపులో జేబుదొంగలున్నారని చదివి చదివి, అప్పటికి పదిరోజులుగా ఆ పాస్‌పోర్టును ఇంట్లోనే నాలుగు చోట్ల దాచి, గంటకోసారి తడిమి చూసుకుంటున్నాను. అత్త బీరువాలో పడేస్తే ఆ మూడు రోజులైనా ప్రశాంతంగా ఉండొచ్చు. అత్త బీరువా సంగతి మీకు తెలియదు. దాని తాళంచెవి ఎక్కడుందో మామకు కూడా చెప్పకుండానే ఆయన్ను పైలోకానికి సాగనంపిన మనిషి ఆమె.

చున్నీ మడతల్లో పాస్‌పోర్టు పెట్టి బుధవారం అత్తకు ఇచ్చి వచ్చాను. లోపల ఏముందో అమ్మకు చెప్పలేదు, అత్తకు చెప్పలేదు. రహస్యం ఇద్దరికి తెలిస్తే రహస్యం కాదని అదే చార్టులో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను మరి.

శుక్రవారం పొద్దున నాయన కళ్లలోకి చూడకుండా, ధైర్యంగా ఉన్నట్టు నటిస్తూ జమ్మలమడుగు బస్సెక్కాను. అత్త ఇంటికి పోయేసరికి తలుపుకు తాళం. ఫోన్ చేస్తే ఇంటి లోపలే మోగుతోంది. కిటికీలోంచి వినబడింది, భక్తి పాట. ఎవరూ ఎత్తని ఫోను షరతు లెక్కలోకి రాదనుకున్నాను.

సాయం అడగనని షరతు. కానీ పక్కింటామెతో ఊరికే మాట్లాడటం సాయం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని, అత్త ఏదని అడిగాను. "నిన్ననే పులివెందల పాయె. మనవడికి జరమంట. ఏందో సంచి ఒళ్లో పెట్టుకోని, చంటిబిడ్డను ఎత్తకపోయినట్టు ఎత్తకపాయె" అంది ఆమె.

సంచి బీరువాలో లేదు. పులివెందులలో ఉంది. సరే, నేనెట్లాగూ పోవాల్సింది ఆ దారినే అని సర్దిచెప్పుకున్నాను. ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు పట్టుకున్నాను. ఆ బస్సులో కూర్చుని చార్టు కాపీ తీసి చూసుకుంటే, ఆ రోజు ఆ గంటకు నేను కదిరి దాటి ఉండాలి.

పులివెందులలో వదిన ఇంటికి పోయేసరికి పదకొండయింది. వదినంటే అత్త కూతురు. అత్త నన్ను చూసి సంబరపడి, పిల్లవాడికి జ్వరం తగ్గిందని, కొర్రన్నం తినిపో అని అంది. సంచి ఇవ్వమన్నాను.

"తాళమేసిన ఇంట్లో ప్రస్థానం పెట్టకూడదు పాపా. దీపం ఉండాల గదా. అందుకే నాతోనే తెచ్చినా. ముందుకే గదా వచ్చింది, ఎనక్కి పోల్యా. ఇంగా మంచిదే" అంది గర్వంగా. లోపలికి పోయింది. బయటికి రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు చేతిలో ఏమీ లేదు.

సంగతేమిటంటే, వదిన భర్త రమణన్న ఆ రోజు పొద్దున్నే బంగారం అంగడి పనిమీద ప్రొద్దుటూరు పోయాడు. పోతూ పోతూ మంచం పక్కన మా అంగడి పేరున్న సంచి చూశాడు. అత్త పొరపాటున పుట్టింటి సంచి తెచ్చుకున్నట్టుంది, ఇచ్చేసి వద్దామని కారులో పడేసుకున్నాడు. ఎంత మంచివాడో చూడండి. ముద్దనూరు దగ్గర ఎక్కడో నేనున్న బస్సూ నా పాస్‌పోర్టున్న కారూ ఎదురెదురుగా దాటుకునే ఉంటాయి.

"సంచి ఎనక్కి పాయనే" అని అత్త నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆమె బాధ ప్రస్థానం చెడిందని. "పోనీలే పాపా, ఒక గుడ్డే గదా దాన్లో ఉండేది."

"గుడ్డ కాదత్తా. పాస్‌పోర్టు."

అత్తకు పాస్‌పోర్టంటే ఏమిటో అంతకుముందు సరిగ్గా తెలియదు. నా ముఖం చూసి తెలుసుకుంది.

నేను అక్కడే గడపలో కూర్చుండిపోయాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. విమానం గురించి కాదు. రేపటికి ఎట్లాగో తెప్పించుకోవచ్చు, సమయం ఉంది. కానీ తెప్పించుకోవాలంటే నాయనకు ఫోన్ చేయాలి. చేస్తే షరతు ఓడినట్టే. ఇంట్లోంచి బయలుదేరి నాలుగు గంటలు కాలేదు, సొంత జిల్లా దాటలేదు, అప్పుడే సాయమా? ఫోన్ చేతిలో పెట్టుకుని, చేద్దామా వద్దా అని చూస్తూ ఉన్నాను. అదే మోగింది. నాయన.

"పాపా, యాడుండావు?"

"దారిలో నాయనా."

"అన్నీ సరిగ్గా ఉండాయా?"

"ఉండాయి."

"అన్నీ?"

"అన్నీ నాయనా."

అటువైపు ఎవరో గిరాకీకి చీర ధర చెప్పడం వినబడింది. తర్వాత నాయన తాపీగా అన్నాడు. "మరి ఈ నీలం పుస్తకం ఎవురిది? లోపల ఫొటో జూస్తే మన ఇంటి పిల్ల మాదిరే ఉంది."

ఓడిపోయానని ఒప్పుకున్నాను. ఇంటికి వచ్చేస్తానన్నాను.

"ఎందుకొస్తావు?" అన్నాడు నాయన. "షరతు ఏంది? నువ్వు నాకు ఫోన్ చెయ్యకూడదు. చేసినావా? ల్యా. నేనే చేసినా. యాపారంలో మాటంటే మాట. ఆడే ఉండు, వస్తాండా."

నాకు ఊహ తెలిసినప్పట్నుంచి మా నాయన గిరాకీలకు పైసా తగ్గించడం నేను చూడలేదు. ఆ రోజు నాకు మాత్రం మొత్తం సరుకు ఊరికే ఇచ్చేశాడు. గడపలోనే కూర్చుని ఈసారి గట్టిగా ఏడ్చాను. అత్త కూడా కూర్చుని ఏడ్చింది. ఎందుకో ఆమెను అడగలేదు.

రెండు గంటల తర్వాత నాయన వచ్చాడు. రమణన్న కారులో కాదు, పదిమంది పట్టే బాడుగ తుఫాను బండిలో. ముందు నాయన, వెనక అమ్మ, అమ్మ పక్కన రమణన్న. తప్పు తనదేనని తల వంచుకుని కూర్చున్నాడు పాపం. సంచి ఇంటికి తిరిగి వచ్చింది కాబట్టి పాత ప్రయాణం రద్దయిందని, ఇక నా ప్రయాణం పులివెందులలోనే కొత్తగా మొదలవుతుందని, పులివెందుల నుంచి బెంగళూరు దక్షిణం కాబట్టి శుక్రవారం దోషమే లేదని అమ్మ దారి పొడవునా లెక్క కట్టుకుని వచ్చింది. ఇంత చిన్న లెక్క మొదటే వేసి ఉంటే ప్రస్థానమే అక్కర లేకపోయేది. నేను ఆ మాట అనలేదు. ఆ రోజు తెలివి గురించి మాట్లాడే హక్కు నాకు లేదు.

ఇక బెంగళూరుకు నేను బస్సులో పోతానంటే ఎవరూ వినలేదు. బండిలో చోటుంది కదా అని వదిన ఎక్కింది. జ్వరం తగ్గిన పిల్లవాడికి గాలి మార్పు కావాలని వాడూ ఎక్కాడు. సంచి తన చేతిలో ఉన్నప్పుడే పోయింది కాబట్టి, విమానం దాకా తానే పట్టుకుని కూర్చుంటానని అత్త ఎక్కింది. చెనిక్కాయల పొడి డబ్బా, నిప్పట్ల డబ్బా వాటంతట అవే ఎక్కాయి. ఆ విధంగా నా ఒంటరి ప్రయాణం, డ్రైవరుతో కలిపి ఎనిమిది మందితో మొదలయింది.

మరునాడు విమానాశ్రయం గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా టికెట్టు చూసి, నా వెనకున్న జనాన్ని చూసి, ఎంతమంది అని ఇంగ్లీషులో అడిగాడు. ఒక్కదాన్నే అన్నాను. అతను నమ్మలేదు. అత్త సంచి నా చేతికిచ్చి, నిజమే నాయనా, ఒక్కతే, మేము గూడా మొదట నమ్మల్యా అని తెలుగులో వాంగ్మూలం ఇచ్చింది.

లోపలికి పోయే ముందు నాయన నా దగ్గరకు వచ్చాడు. "దిగినాక ఫోన్ చెయ్" అన్నాడు. నేను ఆయన వైపు చూశాను. "సాయానికి కాదు. ఊరికే. అంగట్లో ఉంటా."

ప్రాగ్ చూశాను. వంతెన మీద నడిచాను. కోటా చూశాను, ఎముకల చర్చీ చూశాను. రోజూ ఫోన్ చేశాను, ఊరికే. నాయన మాట నిలబెట్టుకున్నాడు, ఆ తర్వాత యాడికి అని నన్నెప్పుడూ అడగలేదు.

కాబట్టి ఈ చదువరుల సాక్షిగా, పంచాంగం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశానికి బయలుదేరినా, ఏ దిక్కున శూల ఉన్నా, ప్రస్థానానికి దువ్వెనే పెడతాను. నోరుంటే మాట్లాడే, కాళ్లుంటే నడిచే, అది లేకపోతే నేను పోలేని వస్తువును దేన్నీ నాకన్నా ముందు పంపను.

నిన్న ఈ ప్రమాణం రాసి అమ్మకు చదివి వినిపించాను. కూరగాయలు తరుగుతూ అంతా విని, తల ఎత్తకుండానే అంది. "దువ్వెన ఎందుకులే. ఈ తూరి ప్రస్థానానికి నన్ను పెట్టు. నేను ముందు పోతాంటా, నువ్వు ఎనక రా."