నేల తుడుస్తూ అడిగే ప్రశ్న

వేరుశెనగ బిస్కెట్ల డబ్బా మూత తీయగానే ఇవాళ పొద్దున మా క్లినిక్‌లో కుక్కలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ఆ వాసన వస్తే నాకు సుగుణగారు గుర్తొస్తారు. వెటర్నరీ టెక్నీషియన్ కోర్సు చివరి సెమిస్టర్‌లో నేను శిక్షణకు వెళ్లింది పార్సిప్పనీలోని ఒక చిన్న క్లినిక్‌కు. ఆవిడ అక్కడ హెడ్ టెక్నీషియన్. వరంగల్ వదిలి ఈ దేశం వచ్చి ఇరవయ్యేళ్లు దాటినా యాస వదల్లేదు. మొదటిరోజు నేను "ఆంటీ" అనగానే గ్లవ్స్ తొడుక్కుంటూ నవ్వారు.

"ఆంటీలు, అంకుల్స్ అంటే పార్టీలల్ల. ఈడ సుగుణ అని పిలువు."

పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి "సుగుణగారూ" దగ్గర రాజీ కుదిరింది. పని నేర్పడంలో మాత్రం ఆవిడ రాజీ పడలేదు. సూది గుచ్చడానికి పిల్లి కాలిలో నరం దొరక్క నాకు చెమటలు పడుతుంటే, "కండ్లతోటి దేవులాడకు, వేలుతోటి దేవులాడు" అనేవారు. ఇప్పుడు నా వేలు ఎంత చిన్న నరాన్నయినా ఇట్టే పట్టేస్తుంది. ఆ గొప్ప ఆవిడదే.

ఆపరేషన్లున్న రోజు ఆవిడ కుక్కల్ని ఉంచే కెన్నెళ్ల ముందు స్వయంగా మాప్ పెట్టేవారు. తుడుస్తూనే, ఎవరి మొహమూ చూడకుండా, "ఎవరన్న ఏమన్న పెట్టిన్రా?" అని అడిగేవారు. ఆపరేషన్ కోసం పస్తు ఉంచిన జంతువుకు తెలిసి తెలిసి ఎవరు పెడతారని నాకు లోలోపల నవ్వొచ్చేది.

చివరికి ఒకరోజు పెట్టింది నేనే. టక్కర్ అని ఒక ముసలి బీగిల్ కుక్క, కడుపు దగ్గర గడ్డ తీయాలి. ఖాళీ గిన్నె వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. మా ఇంటికి ప్లంబర్ వచ్చినా ఏదో ఒకటి తినిపించకుండా పంపం. చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయింది, రెండు బిస్కెట్లు పెట్టేశాను. మత్తులో ఉండగా తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని! అది గుర్తొచ్చి డబ్బా మూత గబగబా పెట్టేశాను. చెబితే నా శిక్షణ అక్కడితో సరి అనిపించింది. చెప్పకుండా ఊరుకుందామని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు.

అప్పుడే మాప్ చప్పుడు వినిపించింది. "ఎవరన్న ఏమన్న పెట్టిన్రా?"

"నేనండీ. టక్కర్‌కి. రెండు బిస్కెట్లు. పది నిమిషాలైంది."

ఆవిడ తల ఎత్తలేదు. "మంచిగ చెప్పినవ్. డాక్టర్‌తోని నేను మాట్లాడి రేపటికి రీషెడ్యూల్ చేయిస్త. ఓనర్‌కు మాత్రం నువ్వే కాల్ చెయ్."

ఫోన్లో ఓనర్ అరిచినంతసేపూ ఆవిడ నా పక్కనే నిలబడ్డారు. నా చేతిలోంచి ఫోన్ మాత్రం తీసుకోలేదు. ఫోన్ పెట్టేశాక నేను కళ్లు తుడుచుకుని, ఆ ప్రశ్న అడిగేటప్పుడు మా మొహాలు ఎందుకు చూడరని అడిగాను.

"ట్రైనింగ్‌ల నన్ను మొహం చూసి అడిగిన్రు. పెట్టి కూడ, భయానికి లేదన్న." మళ్లీ మాప్ అందుకున్నారు. "ఆ కుక్క మళ్ల లేవలే."

టక్కర్ మర్నాడు ఆపరేషన్ చేయించుకుని, తోక ఊపుకుంటూ ఇంటికి వెళ్లింది. నా శిక్షణ పూర్తయింది.

ఇప్పుడు ఈ క్లినిక్‌లో హెడ్ టెక్నీషియన్‌ని నేనే. ఇవాళ ఆపరేషన్లున్నాయి, అందుకే డబ్బాను పై అరలో పెట్టి మాప్ అందుకున్నాను. ఈ వారమే శిక్షణకు చేరిన అమ్మాయి కెన్నెళ్ల దగ్గర నిలబడి ఉంది. నేల మీద నుంచి చూపు తీయకుండా ఆ ప్రశ్నే అడిగాను. ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. నేను తలెత్తలేదు, తుడుస్తూనే ఉన్నాను.