మోటారుకు ఫోన్ చేసిందెవరు

నారుమడిలో విత్తనం చల్లిన రెండో రోజు మధ్యాహ్నం నా ఫోన్ మా అత్తయ్యగారి తమ్ముడికి పదకొండు ఏడుపు బొమ్మలు పంపించింది. నేను పంపలేదు. ఆ సమయానికి నేను పెరట్లో గిన్నెలు తోముకుంటున్నాను. ఆయన కంగారుపడి ఫోన్ చేసేదాకా నాకసలు సంగతే తెలియదు.

"అమ్మాయ్, అక్కకేం కాలేదు కదా?"

"ఏం కాలేదండి. సీరియల్ చూసి ఇప్పుడే నడుం వాల్చారండి."

"మరి ఆ ఏడుపులేంటి?"

చూస్తే నిజమే. వరసగా పదకొండు. వాటి కింద అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు బారుగా ఉన్నాయి. ఫోన్ అరచేతిలో కాలిపోతోంది. చెరిపేద్దామని నొక్కితే ఎంతకీ కదలదు. కదిలాక చూస్తే నేను నొక్కింది కాక ఇంకేదో తెరుచుకుంది. కెమెరా, క్యాలిక్యులేటరు, నేను ఎన్నడూ ముట్టుకోని దిక్సూచి, అన్నీ వెనకాల తెరిచే ఉన్నాయి. ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్నే గానీ ఫోన్ల విషయంలో మా ఇంట్లో పెద్ద దిక్కుని నేనే. ఆ పెద్ద దిక్కే ఫోన్‌ని మంచం మీద పడేసి దూరంగా జరిగింది. ఎవరో ఎక్కడో కూర్చుని నా ఫోన్ నడుపుతున్నారనిపించింది.

ఒక్క ఫోనే అయితే అంత భయపడేదాన్ని కాదు. ఆ ఏడాది దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారుమడి నా చేతిలో పెట్టారు. నా చేతిలో అంటే, నా ఫోన్‌లో.

మా మోటారు కాలువ గట్టు మీద ఉంటుంది. దాని పెట్టెలో ఒక సిమ్ము వేసుంటుంది. మా ఫోన్ల నుంచి ఆ నంబరుకి ఒక్క రింగు ఇస్తే మోటారు వేసుకుంటుంది, ఇంకో రింగు ఇస్తే ఆగిపోతుంది. పెట్టె మీద బటన్ నొక్కినా అంతే. మా ఆయనకు తణుకులో ఒక మిల్లులో పని దొరికి, పొద్దున్నే బండి మీద వెళ్తే దీపాలు పెట్టే వేళకు గానీ రావడం లేదు. అందుకని నా ఫోన్ తెర మీద కింది వరసలో "మోటారు" అని ఒక బొమ్మ పెట్టారు. దాన్ని ఒక్కసారి తాకితే చాలు, రింగు వెళ్ళిపోతుంది. అత్తయ్యగారు కూడా వేయగలగాలని ఫోన్ లాకు తీసేశాం. ఆవిడ సీరియల్ చూస్తుంటే తెర ఆరిపోతోందని, అరగంటదాకా ఆరకుండా నేనే పెట్టాను.

"చూసుకోగలవా?" అని మా ఆయన అడిగితే, "ఎందుకు చూసుకోలేనండి, ముదినేపల్లిలో పొలం చూడకుండా పెరిగానా" అన్నాను. మా పుట్టింట్లో నేను చూసింది గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళనే. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

మాది గూడెం నుంచి కొల్లేరు వైపు దిగితే వచ్చే శివారు ఊరు. పైవాళ్ళ చేలన్నీ తడిశాకే కాలువ నీళ్ళు మాకు చేరతాయి. నారు ఆలస్యమైతే నాట్లు ఆలస్యమవుతాయి. గింజ పాలు పోసుకునే వేళకు పై నుంచి కాలువ కట్టేస్తారు. కాబట్టి ఈ నారు పోతే మళ్ళీ పోసుకుందాంలే అనుకోవడానికి లేదు. పైగా నానబెట్టి, మండె కట్టి మొలకెత్తించిన విత్తనం బురద మీద చల్లాక, మొదటి వారం దాని మీద నీళ్ళు నిలవకూడదు. కాస్త తడిపి తీసెయ్యాలి. నిలిస్తే మొలక మురిగిపోతుంది. చలికాలం పంట కదా, ఆ చలికి ఇంకా తొందరగా పోతుంది.

మూడో రోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే మడి చెరువులా ఉంది. మొలకలు కనబడటం లేదు. కొల్లేరు వైపు నుంచి వచ్చిన కొంగలు రెండు అందులో హాయిగా తిరుగుతున్నాయి. ముందురోజు తడిపి, మోటారు ఆపి, మడిలోకి నీళ్ళు దిగే మడవకి బురద కొట్టి మరీ వచ్చాను. మోటారు నీళ్ళు పారే బోదె పొంగి గట్టు మీద నుంచి దిగినట్టుంది. పార తెచ్చి పల్లపు వైపు గట్టు తెంపి నీళ్ళు వదిలేశాను. వదులుతుంటే కొన్ని మొలకలు నీళ్ళతో పాటే కొట్టుకుపోయాయి. ఒంగుని చేత్తో పట్టుకోబోయాను. ఎన్ని పట్టుకుంటాం.

నాలుగో రోజూ అంతే. పైగా ఆపి వచ్చిన మోటారు నడుస్తూ కనబడింది.

"మోటారు దానంతటది వేసుకుంటుందా అమ్మాయ్? ఎవరో నొక్కుతున్నారు" అన్నారు అత్తయ్యగారు.

మా మడి దాటిన నీళ్ళు అదే బోదెలో పక్క చేను బాబాయిగారి నారుమడికి పోతాయి. ఆయన మా మావయ్యగారికి వరసకు బావమరిది. మాటలు తక్కువ మనిషి. మాటలు తక్కువ వాళ్ళ మీద నాకు అనుమానం ఎక్కువ. ఆ సాయంత్రం పాలకేంద్రంలో వరసలో నిలబడి, ఎవరూ అడక్కుండానే, "పక్క చేనువాళ్ళకి మన మోటారంటే మహా ప్రేమ లెండి. మనం ఆపినా వాళ్ళు ఆపనివ్వరు" అన్నాను. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మాత్రం కడిగిన క్యానునే మళ్ళీ కడిగాను.

ఈ మధ్యలో ఫోన్ గోల వేరే. మా ఆయన ఆపి మళ్ళీ వెయ్యమన్నారు, వేశాను. అత్తయ్యగారు తడి తగిలుంటుందని బియ్యం డబ్బాలో పెట్టమన్నారు, ఒక పూటంతా పెట్టాను. బియ్యంలోంచి తీశాక బాగానే ఉంది. "చూశావా" అన్నారు ఆవిడ. మధ్యాహ్నం మళ్ళీ మొదలు. ఐదో రోజు పొద్దున్నే బస్సెక్కి గూడెంలో రిపేరు షాపుకి వెళ్ళాను. కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్న ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పారు. డాక్టరు దగ్గరికి వెళ్ళగానే జ్వరం తగ్గిపోయిన పిల్లలా, ఆయన చేతిలో అది ఎంత బుద్ధిగా ఉందో.

"ఏం చేస్తుందన్నారు?"

"తనంతట తనే తెరుచుకుంటుందండి. మెసేజీలు పంపేస్తుందండి. తర్వాత ఓ అరగంట కదలదండి."

"మెమరీ నిండిపోయిందమ్మా. ఇన్ని శుభోదయాలు ఎందుకు దాచుకున్నారు?"

"అవి మా అత్తయ్యగారివండి."

శుభోదయాలతో పాటు మా చెల్లి పెళ్ళి వీడియోలు కూడా పోయాయి. పోతే పోయాయి, నారు బాగుంటే చాలనుకున్నాను. ఫోన్‌కీ నారుకీ ఏంటి సంబంధమని అప్పుడెవరైనా అడిగితే చెప్పలేకపోదును. రెండూ ఒకేసారి చేయి దాటిపోతున్నాయని తెలుసు, అంతే. "మళ్ళీ చేస్తే మొత్తం చెరిపేసి కొత్తగా చెయ్యాలి" అని చెప్పి పంపారు ఆయన.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. అత్తయ్యగారు సీరియల్ చూసి ఇస్తే ఛార్జింగుకి పెట్టి, ఉత్త చేతులతో పొలానికి వెళ్ళాను. బాబాయిగారు తన మడి గట్టు మీద పారతో ఏదో తెంపుతున్నారు. ఇక ఉండబట్టలేదు.

"బాబాయిగారూ, మా మోటారు మీరేమన్నా వేస్తున్నారాండి?"

ఆయన పార ఆపలేదు. "పాలకేంద్రంలో చెప్పావంటగా. అక్కణ్ణించి నా దగ్గరకి రావడానికి ఇంతసేపు పట్టిందేం?"

"అది కాదండి, నీళ్ళు మా మడి దాటితే మీకే కదండి వచ్చేది."

"నా మడిలో ఉన్నదీ మొలకే అమ్మాయ్. దానికి నీళ్ళు నిలిస్తే పండగా? రెండు రోజుల్నుంచి ఈ గట్టు తెంపుకుంటా ఇక్కడే ఉన్నాను, కనపడతాలేదా?"

కనపడలేదు. ఆయన మడి వైపు నేను చూడనేలేదు. అప్పుడే కాలువ గట్టు మీద మోటారు గుర్రుమంది. ఇద్దరం తలెత్తి చూశాం. పైపు మీద ఒక కొంగ తప్ప ఇంకెవరూ లేరు. నీళ్ళు బోదెలోకి దూకుతున్నాయి.

"కొంగ వేసింది" అన్నారు బాబాయిగారు. "దాన్నడుగు ఎల్లి."

పరిగెత్తి పెట్టె మీద బటన్ నొక్కి ఆపాను. అక్కణ్ణించి ఇంటిదాకా ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. దారంతా ఒక్కటే ఆలోచన. పెట్టె మీద ఎవరూ నొక్కకపోతే రింగు రావాలి. మా ఆయన మిల్లులో ఫోన్ ముట్టుకోరు, కాబట్టి ఆ టైములో రింగు నా ఫోన్ నుంచే రావాలి.

ఫోన్ కిటికీలో ఛార్జింగుకి పెట్టిన చోటే ఉంది. అత్తయ్యగారు నిద్రపోతున్నారు. తెర వెలుగుతోంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి చూశాను. కనపడని వేలేదో నొక్కుతున్నట్టు ఒక బొమ్మ తెరుచుకుంది, మూసుకుంది, ఇంకోటి తెరుచుకుంది. అక్షరాలు పడ్డాయి. ఆ నొక్కుడు మెల్లగా కింది వరసకి దిగుతుంటే భయమేసి వైరు పీకేశాను.

అంతే. ఆగిపోయింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఆడింది. పీకాను, ఆగింది. మూడుసార్లు అలాగే. కాల్సు తెరిచి చూస్తే, నేను బాబాయిగారితో మాట్లాడుతున్న టైముకి "మోటారు" అని ఉంది. ముందు రోజుల్లోనూ మధ్యాహ్నాలు అదే పేరు. రోజూ నేనూ చేస్తాను కదా, అందుకే అనుమానం రాలేదు. ఆ ఛార్జరు నేను ఏలూరులో పేరంటానికి వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన కొన్నది. పాతదాని వైరు ఎలుకలు కొరికేశాయి. ఇది గులాబీ రంగులో ముచ్చటగా ఉందని, పేరూ ఊరూ చూడకుండా తీసుకున్నాను. విత్తనం చల్లే ముందు రోజే.

సాయంత్రం మా ఆయన వచ్చాక ఆయన ఛార్జరు పెట్టి చూశాం. ఫోన్ కదల్లేదు, మెదల్లేదు. గులాబీది పెట్టగానే ఆట మొదలు. ఆయన ఆ "మోటారు" బొమ్మని తెర మీద నుంచి తీసేశారు. పార తీసుకుని పొలం వెళ్ళి చీకటి పడ్డాక వచ్చారు. "పల్లం వైపు మొలక పోయింది" అన్నారు. "పైన ఎంత నిలుస్తుందో చూడాలి."

నేను బాబాయిగారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. మొత్తం చెప్పాను, ఛార్జరు, రంగు, ఎలుకలు, అన్నీ. ఆయన చివరిదాకా విన్నారు.

"నలుగురి మధ్య అన్నావు. ఇప్పుడొచ్చి నా గుమ్మంలో చెప్పుకుంటే ఎలా? అన్నచోటే చెప్పు."

మర్నాడు పొద్దున్నే పాలకేంద్రానికి వెళ్తుంటే క్యాను కంటే కాళ్ళే బరువుగా ఉన్నాయి. వరసలో అందరూ ఉన్నారు, బాబాయిగారు కూడా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "మొన్న నేనన్న మాట తప్పండి. మోటారు వేసింది మా ఫోనేనండి" అన్నాను. పాలు కొలిచే ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇక తప్పక ఛార్జరు కథ చెప్పాను.

"తప్పు చేసి ఫోను మీద పెడతారేంటమ్మా" అన్నారొకరు.

"ఏ రంగు వైరన్నావు?" అంది వెనకనించి ఒక పెద్దమ్మ. "మా కోడలిదీ అలాంటిదే. మాట్లాడుతుంటే ఫోను ఊరికే కట్టయిపోతుందని మా అబ్బాయిని తిడతంది."

నవ్వులు మొదలయ్యాయి. బాబాయిగారు నవ్వలేదు. "విన్నారుగా" అని, పాల చీటీ తీసుకుని వెళ్ళిపోయారు. తర్వాత గట్టు మీద ఎదురుపడినా తల ఊపడమే గానీ మాట లేదు. అత్తయ్యగారు ఆ గులాబీ వైరుతో చిక్కుడు పాదు కట్టేశారు.

నారు ఎదిగినన్ని రోజులూ నేను పొద్దునా సాయంత్రం వెళ్ళి చూశాను. చూస్తే పెరుగుతుందా? కానీ ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు. పై భాగం పచ్చగా వచ్చింది. పల్లం వైపు బోడిగా, అక్కడక్కడా ఒక్కో పోచ. నాట్ల రోజుకి కట్టలు కట్టి చూస్తే చివరి చేనుకి చాలదని తేలిపోయింది. బాబాయిగారికి కొంచెం మిగిలిందని అందరూ చెప్పారు. "అడగరాదూ" అన్నారు మా ఆయన. నాకు నోరు రాలేదు. చివరి చేనులో నారు పలచగా పెట్టించడం మొదలుపెట్టాను.

గట్టున పోతూ బాబాయిగారు ఆగారు. "ఏంటమ్మాయ్ అంత దూరం దూరం పెట్టిస్తున్నావు?"

"నారు చాల్లేదండి."

"అడగాలిగా."

"ఏ మొహం పెట్టుకుని అడుగుతానండి."

"పాలకేంద్రంలో చెప్పిన మొహంతోనే అడుగు."

నేను తల వంచుకుని అడిగాను. ఆయన తన మడి వైపు చూశారు. "ఆ మూల ఉంది కొంచెం. ముదిరిపోయింది. బతుకుతుందో లేదో నేను చెప్పలేను. కావాలంటే ఎండెక్కకముందే పీక్కో."

నాట్లు వేసే ఇద్దరు ఆడవాళ్ళని తీసుకుని అప్పుడే వెళ్ళి దిగాను. ముదిరిన నారు బురదని వదలడం లేదు. గట్టిగా లాగితే వేళ్ళు తెగిపోతాయేమోనని భయం. మెల్లగా లాగుదామంటే ఎండ వచ్చేస్తోంది. ఒక్కో కట్టా నీళ్ళలో జాడించి, వేళ్ళున్నాయో లేదో చూసుకుంటూ గట్టు మీద పెట్టాను.