మనుమరాలికి తీసుకెళ్లిన పాత ధోవతి

నాకు మనుమరాలు పుట్టింది! మా అక్క తర్వాత మా ఇంట్లో పుట్టిన మొదటి ఆడపిల్ల. ఎల్లారెడ్డిలో కోడలి తల్లిగారింట్లో ఉంది, గుప్పెడంత బంగారం. ఈ మాట ముందు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. దీని తర్వాత చెప్పేది మాత్రం సిగ్గుపడే సంగతి. వరి కోతల కాలంలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వెళ్లేవాళ్లకు పనికొస్తుందని దాచకుండా రాస్తున్నాను.

కాన్పుకు ముందే మా ఆవిడ అక్కడికి వెళ్లింది. పాపను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక నాకు ఫోన్ చేసి, నా పాత ధోవతి ఒకటి మంచిగా ఉతికి తీసుకురమ్మంది. మా వైపు పుట్టిన బిడ్డకు వెంటనే కొత్త బట్ట వేయరు. ఇంటి పెద్ద కట్టి కట్టి మెత్తబడిన బట్టను చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. ఆ పెద్దమనిషి ఆయుష్షు బిడ్డకు రావాలని. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, కాబట్టి ఆ భాగ్యం పూర్తిగా నాదే. ధోవతిని నేనే రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాను. ఎండకు ఆరేసి, మడత పెట్టి, సంచిలో పెట్టుకున్నాను. అంత మురిపెంగా నా పెళ్లి బట్టలు కూడా సర్దుకోలేదు.

మా ఊరు రాజంపేట దగ్గర. తెల్లారగానే ఆటో ఎక్కాల్సినవాడిని, పక్క మడుల తమ్ముడిని వెంటబెట్టుకుని పొలం వైపు నడిచాను. కోత మిషన్ వరి కోసుకుపోయాక మడుల్లో కొయ్యకాలు మోకాలెత్తు నిలబడి ఉన్నాయి. అందరూ అగ్గి పెడుతున్నారు, నేనూ పెడితే ఆ పని అయిపోతుంది కదా అనుకున్నాను. సంచిని మోటారు స్టార్టర్ డబ్బాకు తగిలించి పై మడులకు అగ్గి పెట్టాను. గాలి తిరిగింది. మనిషికి మనిషి కనబడనంత పొగ మా మీదికే వచ్చింది. కింది మడులను సాయంత్రం కాల్చమని అగ్గిపెట్టె తమ్ముడి చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కాను.

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు తొమ్మిది దాటాక దొరికింది. లింగంపేట మీదుగా గంటంబావు ప్రయాణం, టికెట్ అరవై రూపాయలకు అటూ ఇటూ. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కాబట్టి బస్సులు నిండుగా వస్తాయి, సీటు కావాలంటే కాస్త ముందే వెళ్లాలి. నా పక్కన లింగంపేటకు కూరగాయల గంప తీసుకెళ్తున్న ఒకామె కూర్చుంది. బస్సు ఊరు దాటకముందే ఆమెకు మనుమరాలి సంగతి చెప్పి మిఠాయి పెట్టాను. మాట ఎండల మీదికి మళ్లింది. నిరుడు కల్లంలో పోసిన వడ్లు అకాల వానకు మొలకెత్తాయని, ఇప్పుడు పొద్దెక్కితే కూలీలు నిలబడలేకపోతున్నారని ఆమె చెప్పింది. ఇదంతా పట్నం కార్ల వల్ల, కంపెనీల వల్ల, మనం మట్టి పిసుక్కునేవాళ్లం, మనకేం సంబంధం అని నేను గొంతు పెంచి చెప్పాను. ముందు సీట్లవాళ్లు కూడా తలలూపారు. నాకు ఇంకా హుషారొచ్చింది.

లింగంపేట ఇంకా రాకముందే రోడ్డు మాయమైంది. రెండు వైపులా పొలాలు కాలుతున్నాయి. డ్రైవర్ పట్టపగలు లైట్లు వేసి బస్సును నడకలా నడిపాడు. కిటికీలు టపటపా మూసుకున్నాయి. పక్కనామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు తిరిగింది.

"గిది గుడ కంపెనోళ్లే పెట్టిండ్లా, బాపు?"

బస్సంతా నవ్వింది. నా చొక్కా నుంచి కూడా అదే వాసన వస్తోందని నాకు అప్పుడు తెలిసింది. లింగంపేట వచ్చేదాకా సంచిని చొక్కాకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

వియ్యంకుడి ఇంటికి చేరేసరికి పాప నిద్రలో ఉంది. మా ఆవిడ సంచి తీసుకుని, ధోవతి విప్పి, చెంపకు ఆనించుకోబోయి ఆగింది.

"ఏందయ్యా గిది? బిడ్డకు చుట్టనీకె తెచ్చినవా, పొయ్యిల పెట్టి తెచ్చినవా? డాక్టరమ్మ సాంబ్రాణి పొగే వద్దన్నది."

జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. ధోవతిని బకెట్లో ముంచింది, నన్ను స్నానాల గదికి పంపింది. వియ్యంకుడు భారీ మనిషి. ఆయన చొక్కా తొడుక్కుంటే నాకు మోకాళ్ల దాకా వచ్చింది, కోడలు మొహం తిప్పుకుని నవ్వింది. ఆ వేషంలోనే మనుమరాలిని మొదటిసారి ఒళ్లోకి తీసుకున్నాను. నా వేలు పట్టుకుంది. అగ్గిపుల్ల గీసిన వేలు.

వియ్యంకుడు నన్ను తక్కువ చేయలేదు. తానూ కాల్చినవాడినేనని, రెండేళ్లుగా మడికి నీళ్లు పెట్టి, ట్రాక్టర్‌కు తగిలించే రోటావేటర్‌తో కలియదున్నిస్తున్నానని, కొయ్యకాలు కుళ్లి మట్టిలో కలుస్తాయని చెప్పాడు. కిరాయి అవుతుంది, కొన్నాళ్లు ఆగాలి, అంతే. ఆయన ఎగతాళి చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పొద్దు వాలకముందే తమ్ముడికి ఫోన్ చేసి కింది మడులకు అగ్గి పెట్టొద్దన్నాను.

"పొద్దుగాల పుల్ల గీసింది నువ్వే గద అన్న. ఒక్కపూటల గింత సారువైనవ్? సరే, నీ మడులు ఆపుత. మరి నావి?"

వాడి మడులు వాడివి. వాడికి నేర్పింది నేను. పాప తుమ్మిందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఉదయం ధోవతిని చింపి పాపకు చుట్టారు. మూడు నీళ్లలో జాడించినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే లీలగా ఆ వాసన ఉంది. నేను ఏడో తరగతితో బడి మానేసినవాడిని, వాతావరణం సంగతి పెద్దగా తెలియదు. నా ఒక్కడి మడితో లోకం కాలిపోదని కూడా తెలుసు. కానీ ప్రతి ఊళ్లో ప్రతివాడూ ఆ మాటే అనుకుంటున్నాడు. పొలానికి గెట్టు ఉంది, గాలికి లేదు. నా ఆయుష్షు ఇస్తానని వచ్చినవాడిని, దానితోపాటు ఏం మూట కట్టుకొచ్చానో చూసుకోలేదు. ఇంత సంతోషంలో ఇంత సిగ్గు పడతానని అనుకోలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: కోతల రోజుల్లో ఈ దారిలో తెల్లవారుజాము బస్సే ఎక్కండి, పొద్దెక్కితే పొగకు రోడ్డు కనబడదు. పసిబిడ్డ బట్టలను కవర్లో గట్టిగా మూతి కట్టి పెట్టుకోండి.

ఇక కబురు అందాల్సినవాళ్లు. గాంధారిలో అక్కకు: పాపకు నీ ముక్కే వచ్చింది, మీ కోత ఇంకా కాలేదు కదా, కొయ్యకాలు కాల్చొద్దని బావకు చెప్పు. భిక్నూర్‌లో బావమరిదికి: ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం, రోటావేటర్ నీ దగ్గరే ఉంది కదా, నా పొలానికి ఒకరోజు కావాలి. దుబాయ్‌లో కొడుక్కి: నీకు పంపిన ఫొటోలో నా ఒంటి మీదున్న చొక్కా మీ మామది, నవ్వకు. చివరగా తమ్ముడికి: పాపను చూడడానికి ఆదివారం వస్తానన్నావు, సంతోషం. గుమ్మంలో మీ వదిన నీ చొక్కా వాసన చూశాకే పాపను ఎత్తుకోనిస్తుందట.