రుచి చూడకుండా దించిన సాస్

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి వస్తూ, ఇంట్లో బఠాణీలు అయిపోయాయన్నారు కదా అని సూపర్ మార్కెట్‌లో ఫ్రీజర్ తలుపు తీసి చెయ్యి పెడితే, గులకరాళ్ళ మూటలాంటిదేదో తగిలింది. బయటికి తీసి చూస్తే క్రాన్‌బెర్రీలు. ఎర్రగా, గుండ్రంగా, మా గోదావరి వైపు వాక్కాయలకి విదేశాల్లో స్థిరపడ్డ పెదనాన్న పిల్లల్లా ఉన్నాయి. ఆ తలుపు తెరిచిపెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గాని, వెనకనున్న పెద్దమనిషి "యల్లా భాయ్" అని తొందరపెట్టేదాకా నాకు స్పృహ లేదు. బఠాణీలు సహజంగానే మర్చిపోయాను. ఇంటికొచ్చాక మా ఆవిడ కూడా బఠాణీల ఊసెత్తలేదు. ప్యాకెట్ చూసి, "అప్పుడే వచ్చేశాయా?" అంది, చుట్టాల గురించి అడిగినట్టు.

వాటితో మా పరిచయం మొదలైన ఏడు, కరోనా పోయిందని జనం నమ్మడం మొదలుపెట్టి కొంతకాలమైంది. అబూ ధాబీలో మేముండేది అప్పుడూ ఇప్పుడూ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక విల్లాలో. విల్లా అనగానే కాకినాడలో మా బంధువులు ఈతకొలను దాకా ఊహించుకుంటారు. నేనూ పెద్దగా ఖండించను. నిజానికి ఒక విల్లాకి మధ్యలో గోడలు లేపి ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క మాది. వంటింట్లో ముగ్గురు నిలబడాలంటే ఒకరు ఊపిరి బిగబట్టాలి. ఆ ఏడు మా అత్తగారు గుండెకి స్టెంటు వేయించుకుని, కోలుకోవడానికి మా దగ్గరికి వచ్చారు. డాక్టరు కొన్ని వారాలపాటు బరువు పనులు వద్దన్నాడు. మా ఆవిడది ఆసుపత్రి లాబ్‌లో ఉద్యోగం. ఎవరి మాటనైనా రెండోసారి పరీక్షకి పంపడం ఆమె వృత్తి. అందుచేత వారాలు నెలలయ్యాయి, బరువు పనుల్లో గరిటె కూడా చేరింది. వంటింటి గుమ్మంలో ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ వేసి, "అమ్మా, నీ చోటు ఇది" అని చెప్పేసింది.

జీవితమంతా పదిమందికి వండిన మనిషి. మొదట్లో ఆ కుర్చీలోంచే పరిపాలన సాగించేవారు. "పోపు మాడుతోందే", "చింతపండు రసం ఇంకాస్త పిండు", "దానికంత మంటెందుకు" అంటూ. వినీ విననట్టు మా ఆవిడ, విన్నా ఏమీ అనలేక నేను. తర్వాత తర్వాత ఆ మాటలు తగ్గాయి. వేసవికి ఆవకాయ పెట్టుకుందామని మా ఆవిడ అంటే "చూద్దాంలే" అనేవారు. వచ్చే నెల, వచ్చే ఏడు అనే మాటలు ఆవిడ నోట వినబడటం మానేశాయి. ఒకరోజు పోపు నిజంగానే మాడింది. ఇల్లంతా పొగ. అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు, ఒక్కమాట అనలేదు. స్టెంటు వేసినప్పుడు కూడా నేనంత భయపడలేదు.

మా పక్క ముక్కలో ఒక అమెరికా టీచరమ్మ ఉండేవారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడి పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి, ఆ విద్యా సంవత్సరంతో రిటైరై వెళ్ళిపోబోతున్నారు. ఏటా నవంబరులో ఒక గురువారం వచ్చే వాళ్ళ థాంక్స్‌గివింగ్ పండగకి, ఇల్లు వదిలి వచ్చిన తోటి టీచర్లందరినీ పిలిచి భోజనం పెట్టడం ఆవిడ ఆనవాయితీ. ఆ ఏడు చివరిది. సరిగ్గా ముందువారం స్కూలు మెట్ల దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. టర్కీ కోడి ఒకరు తెస్తామన్నారు, బంగాళాదుంపలు ఒకరు. క్రాన్‌బెర్రీ సాస్ మాత్రం ఆవిడ ఎవరికీ వదిలే రకం కాదు, వాళ్ళమ్మ చేసినట్టు చెయ్యాలి. డబ్బా కొనుక్కోమన్నారట స్నేహితులు. "డబ్బాలోది పళ్ళెంలోకి బోర్లిస్తే డబ్బా ఆకారంలోనే నిలబడుతుంది, డబ్బా చారలతో సహా," అన్నారు ఆవిడ మా గుమ్మం దగ్గర, కట్టుకట్టిన చెయ్యి మెడలో వేలాడుతుంటే. "నా ఆఖరి పండగకి నేనది తినను."

నేను ఊరికే సంభాషణ కోసం ఆ మాట అత్తగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచారు.

"చెయ్యి విరిగితే పండగ మానేసుకుంటారేంటండీ? నాకు రెండు చేతులూ ఉన్నాయి కదా. సామాన్లు పట్టుకు రమ్మనండి."

"అమ్మాయి ఏమంటుందో అత్తయ్యగారూ..."

"అమ్మాయి డ్యూటీకి వెళ్ళింది కదండీ."

నేను టీచరమ్మకి చెప్పాను. ఇంతలో పండగ గురువారం అయితే శనివారం ఎందుకు చేసుకుంటున్నారని అత్తగారికి ఒక ధర్మసందేహం వచ్చింది. ఇక్కడ గురువారం సెలవు లేదన్నాను. "తిథి మార్చేస్తారా?" అన్నారు. మొన్న మన వినాయక చవితి ఆదివారానికి జరపలేదా అని గుర్తుచేశాను. "అయితే మనవాళ్ళే," అన్నారు.

పండక్కి ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, మా ఆవిడ డ్యూటీలో ఉండగా టీచరమ్మ ఎడమచేత్తో క్రాన్‌బెర్రీల సంచీ, రెండు నారింజలు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. వాళ్ళింట్లోనే చెయ్యొచ్చు గాని, అది కార్తీక మాసం; టర్కీ కోడి బస చెయ్యబోయే చోట పొయ్యి ముట్టనని అత్తగారు ముందే తేల్చేశారు. మిగతా నెలల్లో పులస వండగల మనిషే. ఇద్దరికీ కలిపి ఉన్న భాష, ఈ దేశంలో ఎవరికైనా అబ్బే రెండు మాటలు: "షువై షువై" అంటే కొంచెం కొంచెంగా అని, "ఖలాస్" అంటే అయిపోయిందని. మిగతాదానికి నేను. నీళ్ళు పెట్టారు, పళ్ళు పోశారు, నారింజ తొక్క తురిమారు. దబ్బకాయ వాసనలాంటిది లేచేసరికి అత్తగారి ముఖంలో, చాలా రోజుల తర్వాత, ఒక అభిప్రాయం కనిపించింది. ఇంతలో పళ్ళు పేలడం మొదలైంది. చిటపట చిటపట, అచ్చం ఆవాల్లా. అత్తగారి చెయ్యి ఆవిడ ప్రమేయం లేకుండానే వెళ్ళి ఇంగువ డబ్బా అందుకుంది. మూకుడులో ఏదైనా చిటపటలాడితే తర్వాత పడాల్సింది ఇంగువేనని ఆ చేతికి ఒక జీవితకాలం అలవాటు. టీచరమ్మ డబ్బా మూత తీసి వాసన చూసి, ఎంతో మర్యాదగా మూత పెట్టి, దాన్ని గోడవార దాకా జరిపేశారు.

అసలు గొడవ పంచదార దగ్గర వచ్చింది. ఎంత వెయ్యాలని నేనడిగితే, కొలత లేదన్నారు టీచరమ్మ. లెక్కల టీచరే! వాళ్ళమ్మ కొంచెం వేసి రుచి చూసి, మళ్ళీ కొంచెం వేసి రుచి చూసి, నాలుక చాలన్నప్పుడు ఆపేదట. అంటూనే ఎడమచేత్తో చెంచా ముంచారు. చెంచా సగం దారిలో ఉండగా అత్తగారు ఆ చెయ్యి పట్టేసుకున్నారు. "అయ్యయ్యో! పండగకి వండేది ఎంగిలి చేస్తారేంటండీ!" మా ఇళ్ళల్లో పండగ వంట దేవుడికి పెట్టకముందు ఉప్పు కూడా చూడరు, వాసనతోనూ కంటితోనూ తేల్చుకోవాల్సిందే. నేను ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తున్నాను. నాకా నిమిషంలో ఎంగిలికి ఇంగ్లీషు దొరకలేదు. "దేవుడి కంటే ముందు మీరు తినకూడదట," అన్నాను చివరికి. "ఇది దేవుడికి కాదు, ఆరుగురు టీచర్లకి," అన్నారావిడ. అది అనువదిస్తే, "వాళ్ళ పండగకి మాత్రం దేవుడుండడా?" అన్నారు అత్తగారు. ఒకరికి రుచి చూడనిదే తెలియదు, ఒకరు రుచి చూడనివ్వరు. మధ్యలో నేను చేతిలో పంచదార డబ్బాతో, ఐక్యరాజ్యసమితికి ఉన్నంత అధికారంతో నిలబడ్డాను.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చింది అప్పుడే. గుమ్మంలో కుర్చీ ఖాళీ. లోపల తల్లి పొయ్యి దగ్గర, చమటతో, పరాయి మనిషి చెయ్యి పట్టుకుని. మా ఆవిడ ముఖంలో ఒక ఉపన్యాసం పూర్తిగా తయారై ఉంది; మొదటి వాక్యం నాకు కేటాయించిందని కూడా తెలుస్తోంది. అత్తగారు వెనక్కి తిరగకుండానే అన్నారు: "చెప్పులు విడిచి రా అమ్మాయ్. ఆ పెద్ద గరిటె ఇటివ్వు, అడుగంటేలా ఉంది."

మా ఆవిడ గరిటె ఇచ్చింది. ఇస్తూనే రెండో చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని, గోడ గడియారం వంక చూస్తూ నాడి లెక్కపెట్టింది. అత్తగారు ఆ చేత్తోనే కలుపుతూ ఉన్నారు.

"ఎంతుంది?" అన్నాను.

"బాగానే ఉంది," అంది, కాస్త నిరాశగా. కుర్చీ వంక ఒకసారి చూసింది గాని, కూర్చోమనలేదు.

అత్తగారు పళ్ళ వంక చూసి, వాసన చూసి, పంచదార రెండు దోసిళ్ళు వేశారు. కాసేపాగి ఇంకాస్త. అంతలో టీచరమ్మ "ఖలాస్!" అని పొయ్యి వైపు వేలు చూపించారు. అత్తగారికి నవ్వొచ్చింది. గరిటె ఎత్తితే జారిపోతోంది, ఒట్టి ఎర్రనీళ్ళు. "పాకం రాందే దింపుతారేంటండీ? చారా ఇది?" అన్నారు. చల్లారితే అదే గట్టిపడుతుందని టీచరమ్మ, ఇలాంటివి చాలా చూశానని అత్తగారు. అప్పుడు అత్తగారు గరిటె ఆపి నాతో అన్న మాట, నేను ఆఫీసులో చూసిన ఏ ఒప్పందంలోనూ ఇంత శుభ్రంగా రాయలేదు: "ఆవిడ మాట మీద నేను పొయ్యి ఆర్పేస్తాను. నా మాట మీద ఆవిడ చెంచా కింద పెట్టాలి. అడగండి బాబూ."

టీచరమ్మ ఆ మూకుడు వంక చూశారు. వాళ్ళమ్మ సాస్, ఆఖరి పండగ, రుచి తెలియకుండా బల్ల మీదికి. చెంచా కింద పెట్టారు. అత్తగారు పొయ్యి ఆర్పేశారు.

సాయంత్రం దాకా అత్తగారు వంటింటి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మూత తియ్యడం, "నీళ్ళే," అనడం, మూత పెట్టడం. పొద్దున్నే గిన్నె వంచి చూస్తే సాస్ కదల్లేదు. ఓడిపోయినందుకు బాధపడ్డట్టు లేరు. గిన్నె ఇంకో వైపు కూడా వంచి చూసి, "ఊఁ" అన్నారు. అత్తగారి భాషలో అది సన్మానపత్రం.

శనివారం మధ్యాహ్నం విల్లా పెరట్లో బల్లలు వేశారు. గిన్నె అత్తగారే మోసుకెళ్ళారు, వెనకాలే మా ఆవిడ, పట్టుకోవడానికి చేతులు చాచి, పట్టుకోకుండా. అందరూ కూర్చున్నాక టీచరమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. అత్తగారు నా మోచేతిని పొడిచారు. "చూశారా, నైవేద్యం ఉంది వాళ్ళకీ." తర్వాత అందరూ ఆగి టీచరమ్మ వంక చూశారు. ఆవిడ ఎడమచేత్తో చెంచా తీసుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచి, "మా అమ్మదే," అన్నారు. "ఇంకొక్క చెంచా పంచదార పడాలి. అంతే." అని మళ్ళీ వడ్డించుకున్నారు.

"ఏమన్నారు?" అన్నారు అత్తగారు. అనువాదకుడిగా నా కర్తవ్యం గురించి నేను ఆలోచిస్తుండగానే మా ఆవిడ చెప్పేసింది: "వాళ్ళమ్మగారు చేసినట్టే ఉందట. పంచదారే ఒక చెంచా తగ్గిందట."

"నాకు తెలుసు," అన్నారు అత్తగారు. "వాసనకే తెలిసింది. ఒప్పుకుంటే రుచి చూద్దామంటారని ఊరుకున్నాను." బంగాళాదుంప ముద్దకి ఎర్ర సాస్ అద్దుకుంటూ, చాలా మామూలుగా అన్నారు: "వచ్చే ఏడు వేస్తాను."

మా ఆవిడ చేతిలో చెంచా ఆగిపోయింది. నేను ఆ మాట టీచరమ్మకి ఇంగ్లీషులో చెప్పాను. వేసవిలో వెళ్ళిపోబోయే ఆవిడ, అత్తగారి వంక చూసి, ఇరవై ఏళ్ళు ఈ దేశంలో ఉన్న మనిషి అనాల్సిన మాటే అన్నారు: "ఇన్షా అల్లా."

ఆదివారం పొద్దున లేచేసరికి ప్లాస్టిక్ కుర్చీ పెరట్లో ఉంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. వంటింట్లోంచి "దానికంత మంటెందుకే" అని వినిపించింది. పోపు మాడలేదు.

టీచరమ్మ ఆ వేసవిలో వెళ్ళిపోయారు. అత్తగారు ఇంటికి వెళ్ళి, ఏటా కార్తీకంలో మళ్ళీ వస్తారు, ఆ ఒక్క చెంచా వెయ్యడానికి. టీచరమ్మ ఫోనులో కనిపించి, రుచి చూశారా అని అడుగుతారు. అత్తగారు "ఖలాస్" అంటారు. వచ్చే వారం దిగుతున్నారు. నేను ముందుజాగ్రత్తగా ఇంగువ డబ్బా పై అరలో పెట్టాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా, జరుగుతున్నప్పుడు నాకు ఒట్టి ఎర్రనీళ్ళలాగే కనిపించింది; కొన్ని రోజులు అంతే, పొయ్యి ఆర్పిన చాలా కాలానికి గాని గట్టిపడవు.