అట్ట మార్చిన పుస్తకం

చిరిగిన పుస్తకం కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. ముప్పై ఏళ్లకు పైగా టెక్కలిలో బైండింగ్ పని చేసినవాణ్ని. ఆఫీసు రిజిస్టర్లు, స్కూళ్ల హాజరు పట్టీలు, లాయర్ల కాగితాల కట్టలు అన్నీ నా సూది కిందనుంచి వెళ్లినవే. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాక ఆ పని సన్నగిల్లిపోయింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో కాపలా ఉద్యోగం చూస్తానని మా బావమరిది అన్నాడు. మంచికే అన్నాడు గానీ, నాకు ఒళ్లు మండి నెల్లాళ్లు అతనితో మాట్లాడలేదు.

పలాసలో పాత కాగితాలు కొనే కొట్టు ఒకటుంది. కిలోల లెక్కన వచ్చిన పుస్తకాల్లో మంచివి కనిపిస్తే అలవాటుగా ఏరి తెచ్చుకునేవాణ్ని. వాటితో ఇంట్లో ఒక గది నిండిపోయింది. మా ఆవిడ ఒకరోజు విసుక్కుంటూనే వాటిని ఫోన్లో ఫొటోలు తీసి, పాత పుస్తకాలు అమ్మే సైటు ఒకదాంట్లో పెట్టింది. వారం తిరక్కుండా మూడు అమ్ముడయ్యాయి. పాత పుస్తకాలు వెతికి వెతికి కూడబెట్టుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు.

వాళ్లతో వ్యవహారం మాత్రం మా తాలూకాఫీసు గుమస్తాలతో కన్నా కష్టం. ఎన్నో ముద్రణ అని అడుగుతారు. వెనకట్ట లోపలివైపు ఫొటో కావాలంటారు. ఒకాయన పుస్తకం వాసన ఎలా ఉందో చెప్పమన్నాడు. పాత పుస్తకం వాసనే వస్తోందని రాశాను. ఆయన మళ్లీ కనబడలేదు. సైటులో పుస్తకం పరిస్థితి ఏమిటో రాయడానికి ఒక గడి ఉంటుంది. కుట్టు గట్టిగా ఉంటే నా దృష్టిలో పుస్తకం చాలా బాగున్నట్టే, అదే రాసేవాణ్ని. మొదటి పేజీ మీద ఎవరిదో సంతకం ఉందని ఒకరు పుస్తకం వెనక్కి పంపేశారు. ఇన్నేళ్లు దాన్ని కాపాడిన మనిషి సంతకం అది, ఉంటే తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకొక పుస్తకం గనక ఇలా తిరిగొస్తే సైటులో మా కొట్టు పేజీ తీసేస్తామని సైటువాళ్లు హెచ్చరిక పంపారు.

ఆ సమయంలోనే పిల్లల కథల పుస్తకం ఒకటి అమ్ముడైంది. పల్చటి పుస్తకం. అట్ట మీద ఒక ఆడపిల్ల, పరికిణీ ఒడిలో జీడిమామిడి పండ్లు పోసుకుని నిలబడి ఉంటుంది. బొమ్మ బాగుంది గానీ అట్ట అంచులు చిరిగి, వీపు విడిపోయి, చూడ్డానికి దిక్కులేనిదానిలా ఉంది. కొన్నవాళ్ల చిరునామా చూద్దును కదా, కవిటి! టెక్కలిలో బస్సెక్కితే పూట తిరిగేలోగా చేరిపోయే ఊరు. పార్సిలు మాత్రం ముందు విశాఖపట్నం వెళ్లి, అక్కడ రెండ్రోజులు కూర్చుని, మళ్లీ మా ఊరి మీదుగానే కవిటి పోతుంది. తల్చుకుని చాలాసేపు నవ్వుకున్నాను.

ఎక్కడో బెంగుళూరు వాళ్లయితే ఉన్నదున్నట్టు పంపేసేవాణ్ని. ఈవిడ మా పక్కనే ఉన్న ఉద్దానం మనిషి. మనవాళ్లకి చింపిరి పుస్తకం పంపితే టెక్కలి బైండరు పరువేం కావాలి? ఊరికే, నా తృప్తి కోసం, బాగుచేసి పంపుదామనుకున్నాను. దారం, సూది తీస్తుంటే మా ఆవిడ చూసింది.

"మావా, ఫొటోలో సూసిందే ఆళ్లకి కావాల. నువ్వు దాన్ని ముట్టకు" అంది.

బైండింగ్ సంగతి నాకు చెప్పకు అన్నాను. పాత అట్ట ఊడదీశాను. కొత్తగా కుట్టాను. అంచులు సాపుగా కోసి, ఎర్ర క్యాలికో గుడ్డతో గట్టి అట్ట వేశాను. అంత చక్కటి పని చేసి చాలాకాలమైంది. చూసుకుని మురిసిపోయాను కూడా.

పుస్తకం చేరిన రోజే కవిటి నుంచి మెసేజీ వచ్చింది. నేను కొన్నది ఈ పుస్తకం కాదు, వెనక్కి పంపుతున్నాను అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డబ్బు తీసుకోకుండా అంత పని చేసిపెడితే ఇదా మర్యాద అని పెద్ద జవాబు టైపు చేశాను. మా ఆవిడ ఫోను లాక్కుని అదంతా చెరిపేసి, ఏమైందో చెప్పండమ్మా అని మాత్రం రాసింది.

అప్పుడు అసలు సంగతి తెలిసింది. కొన్నావిడ కవిటి దగ్గర స్కూల్లో టీచరు. ఆ అట్ట మీద బొమ్మ వాళ్లమ్మ పెళ్లికి ముందు వేసి, పుస్తకం అచ్చువేసేవాళ్లకి పోస్టులో పంపిందట. పుస్తకంలో ఎక్కడా ఆమె పేరు వెయ్యలేదు. దగ్గరున్న ఒక్క కాపీ ఎవరో చదువుతామని పట్టుకెళ్లి ఇవ్వలేదు. ఇప్పుడు ఆ తల్లికి మా ఉద్దానం జబ్బే, కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటుంది. రెండేళ్లుగా దేని మీదా ఆసక్తి లేదు, బొమ్మలు వేసేదాన్నన్న మాట కూడా ఎత్తదు. ఆ బొమ్మ ఒకసారి ఆమె చేతిలో పెట్టాలని కూతురు ఏళ్ల తరబడి వెతుకుతోంది. మా ఆవిడ తీసిన ఫొటోలో బొమ్మని గుర్తుపట్టింది. తనకి కావలసింది అట్ట ఒక్కటే అని చివర్లో రాసింది.

ఆ మెసేజీ చదివాక నాకు సిగ్గేసింది. మా కొట్టు ఉంటుందా పోతుందా అన్న ఆలోచనే రాలేదు. ముప్పై ఏళ్లుగా నేను ఎన్ని అట్టలు ఇలా పీకేసి ఉంటానో అనిపించింది.

మా పనిలో కాగితం ముక్క కూడా పారెయ్యం. పాత అట్టలుంటే వేరే పుస్తకానికి అట్ట గట్టిపడాలని లోపల అంటించేస్తాం. ఈ అట్టనీ అలాగే వాడాను. ఆ నెలలో నేను గట్టి అట్ట వేసిన ఇంకో పుస్తకం ఒక్కటే, హరిశ్చంద్రపురం పూజారిగారిది. వాళ్ల నాన్నగారు చేత్తో రాసుకున్న పూజావిధానాల పుస్తకం. మర్నాడు పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కాను.

పుస్తకం ఒకసారి చూడాలంటే పూజారిగారు తెచ్చి నా ముందు పెట్టి, ఎక్కడ దెబ్బతిందో చెప్పమన్నారు. ఎక్కడా దెబ్బతినలేదు, నేనే విప్పాలి అన్నాను.

"కుట్టి నెల్లాళ్లు కాలేదు, విప్పేస్తానంటావేమిటయ్యా?" అన్నారు.

సంగతంతా చెప్పాను. ఆయన పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నారు. మా నాన్నగారి రాత మీద ఒక్క చుక్క నీళ్లు పడినా ఊరుకోను, ఇక్కడే నా కళ్లముందే విప్పు అన్నారు. అరుగు మీద కూర్చుని, రాసిన పేజీలన్నీ జాగ్రత్తగా విడదీసి ఆయన చేతికే ఇచ్చేశాను. తర్వాత అట్ట మీద తడిగుడ్డ పరిచాను. నేను వాడేది మైదా పిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు. అది ఓపిక పడితే నీళ్లకి వదులుతుంది. బజార్లో దొరికే తెల్ల గమ్ము వాడి ఉంటే ఆ బొమ్మ ఇక ఉండేది కాదు.

రెండు గంటలకు పైగా పట్టింది. పరికిణీ వచ్చింది, పండ్లు వచ్చాయి, ముఖం వచ్చింది. ఇంక అయిపోయిందనుకుని చివర్లో తొందరపడ్డాను. పిల్ల ఎడమ కాలు దగ్గర కాగితం చిరిగి జిగురులో ముద్దయిపోయింది. నేను తల పట్టుకున్నాను. పూజారిగారు లోపలికెళ్లి మజ్జిగ తెచ్చి, తాగి పని చూసుకో అన్నారు. ఆయన పుస్తకం అక్కడే మళ్లీ కుట్టిచ్చి ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

అట్టని ఆరబెట్టి, వెనక పల్చటి పాత కాగితం అంటించాను. ముందువైపు వేలు పెట్టలేదు. పోయిన కాలు దగ్గర కాగితం ఖాళీగా కనిపిస్తూనే ఉంది. దాన్ని పార్సిలు చెయ్యడానికి మనసొప్పలేదు. డయాలసిస్ లేని రోజు ఏదో కనుక్కుని, రెండు అట్టముక్కల మధ్య పెట్టుకుని, పలాస దగ్గర బస్సు మారి కవిటి వెళ్లాను.

కొబ్బరితోటలో పెంకుటిల్లు. టీచరుగారు మా అమ్మాయి ఈడుది. నా మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదని మంచినీళ్లు ఇచ్చినప్పుడే తెలిసింది. నేను తప్పు ఒప్పుకున్నాను. కాలు పోయిన సంగతి కూడా ముందే చెప్పాను. ఆవిడ అట్టని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, అమ్మకి మీరే ఇవ్వండి అంది.

తల్లి వసారాలో నవారు మంచం మీద కూర్చుని ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతికి కట్టు. నేనెవరో కూతురు చెప్తే తలూపింది గానీ పెద్దగా పట్టించుకోలేదు. అట్ట ఆమె ఒళ్లో పెట్టాను. అద్దాలు సర్దుకుని చూసింది. పండ్ల మీద, పరికిణీ మడతల మీద వేలు నెమ్మదిగా పోనిచ్చింది. వేలు కిందికి వచ్చి ఖాళీ దగ్గర ఆగింది. నా చేతుల్లోనే పోయిందమ్మా, క్షమించండి అన్నాను.

"ఈ కాలు నాకు అప్పుడూ కుదర్నేదు బాబూ. పోతే పోయింది" అంది.

తర్వాత కూతురి వైపు తిరిగి పెన్సిలు ఉందేటి అని అడిగింది. టీచరుగారు గబగబా లోపలికెళ్లింది. స్కూలు సంచి మొత్తం బోర్లించిన చప్పుడు వినిపించింది.

పాత అట్ట మీద కొత్తగా ఒక్క గీత కూడా పడకూడదని, పడితే కొనేవాళ్లు ముట్టుకోరని ఈ వ్యాపారంలో నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను. ఒకసారి నానిన అట్ట మెత్తబడి ఉంది, పెన్సిలు గట్టిగా నొక్కితే చిరిగిపోవచ్చు కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె కుడిచేత్తో పెన్సిలు పట్టుకుంది, కట్టున్న ఎడమచెయ్యి అట్టని అదిమిపట్టలేకపోయింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బొమ్మ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.