గంటకు తెగిన మాట

బీరన్నకు జనాన్ని నవ్వించడం తెలుసు, ఏడిపించడం తెలుసు. తండ్రి బక్కయ్య దగ్గర చిన్నప్పుడే ఒగ్గుకథ నేర్చుకున్నాడు. పగలు గొర్లు కాసేవాడు. కొలుపులప్పుడు కాళ్లకు గజ్జెలు కట్టి, డోలు మోగుతుండగా మల్లన్న కథ చెప్పేవాడు. ఎక్కడ ఆగితే జనం ఊపిరి బిగబడతారో, ఎక్కడ కన్ను గీటితే పడి నవ్వుతారో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్రిగూడ మండలంలో చాలా ఊళ్లు అతని గొంతు గుర్తుపట్టేవి.

రెండువేల పంతొమ్మిది జనవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు కురుమ పెద్దలు అతన్ని సర్పంచ్‌కు నిలబెట్టారు. ఎదురు నిలబడింది ఉమారాణి. మహిళా సంఘం అధ్యక్షురాలు, పత్తి వేసుకుని బతికే మనిషి. ఆమెకు గబగబా మాట్లాడడం రాదు. ఒక మాట చెప్పి, అది ఎదుటివాళ్లకు అందిందో లేదో చూసి, అప్పుడు తర్వాతి మాట ఎత్తుకుంటుంది.

ఆ ఏడు ఊరి బాధంతా గుట్ట కింది బంచరాయి గురించే. తాతల నాటినుంచి గొర్లు మేసిన సర్కారు భూమి అది. దాని అవతలే మందలు నీళ్లు తాగే కుంట. ఆ భూమిలో సోలార్ ప్లేట్లు పెట్టడానికి ఒక కంపెనీ వస్తోందని తెలిసింది.

పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు ఉమారాణి బీరన్న గొర్ల దొడ్డి దగ్గరికే వచ్చింది.

"అన్నా, నల్లగొండ పోయి అడిగొచ్చిన. ఆ భూమి ఇచ్చుడు అయిపోయిందట. ఆపుడు మనతోని కాదు. గాని కంచె ఏయకముందే పంచాయతీ అడిగితే, కుంట దాక గొర్లకు బాట ఇడుస్తరట. నువ్వు గెలిసినా నేను గెలిసినా ముందుగాల గీ పని చేయాలె."

"మంచి మాటనే చెల్లే," అన్నాడు బీరన్న. నిజంగానే మంచి మాట అనిపించింది.

ఆ తర్వాత శివకృష్ణ వచ్చాడు. ఆ ఊరి పిల్లవాడే, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. యువజన సంఘం తరఫున బడి ముందర ముఖాముఖి పెడతామని, ఫోన్లో అందరికీ లైవ్ చూపిస్తామని చెప్పాడు. ప్రతి ప్రశ్నకు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. గంట కొట్టగానే ఆపాలి. ఒకరి మాటకు ఒకరు మళ్లీ జవాబు చెప్పడం ఉండదు. ఎవరు ముందు మాట్లాడాలో ఒక్కసారే చీటీ తీశారు. ఉమారాణి పేరు వచ్చింది. అన్ని ప్రశ్నలకూ ఆమె ముందు, బీరన్న వెనుక.

"ఇద్దరికి ఒకటే రూలు. ఎవ్వలకు అన్యాయం ఉండదు," అన్నాడు శివకృష్ణ. ఆ మాట అందరికీ న్యాయంగానే తోచింది.

సాయంత్రం బడి ముందర జనం నిండిపోయారు. తాగునీళ్ల ప్రశ్న, రోడ్డు ప్రశ్న అయ్యాక బంచరాయి ప్రశ్న వచ్చింది. ఉమారాణి లేచింది. సర్కారు కాగితం ఎట్లా వచ్చిందో, తాను ఎవరెవరిని అడిగిందో మొదటినుంచీ చెప్పుకొచ్చింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

"ఆ భూమి పోతది. ఆపుడు మన చేతుల లేదు," అని ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. "గాని..."

గంట మోగింది.

"ఒక్క మాట తమ్మీ," అంది.

"అక్కా, రూలు రూలే. బీరన్న బాపు, మీరు చెప్పుర్రి."

మైకు చేతికి వచ్చినప్పుడు బీరన్నకు ఆ మిగిలిన మాట ఏమిటో తెలుసు. అంతమందిలో తెలిసినవాడు అతనొక్కడే. ఎదురుగా జనం ముఖాలు కనబడ్డాయి. కథలో పట్టు దొరికినప్పుడు ఒళ్లు ఎట్లా వేడెక్కుతుందో అట్లా వేడెక్కింది. గొంతు తగ్గించి, రాగం తీసి అన్నాడు.

"ఇన్నరా అవ్వలారా, అయ్యలారా. భూమి పోతదట. మన చెల్లె అప్పుడే సాగనంపుతాంది. నేను గెలిస్తే జానెడు జాగా ఇయ్య."

బడి ముందరంతా ఈలలతో, చప్పట్లతో నిండిపోయింది. ఉమారాణి చెయ్యెత్తింది. శివకృష్ణ తర్వాతి ప్రశ్నకు పోయాడు. ఆమె చెయ్యి కాసేపు అట్లాగే ఉండి, కిందికి దిగింది. తెల్లారేసరికి ఆమె మాటల వీడియో ముక్క అందరి ఫోన్లలోకి చేరింది. భూమి పోతది, ఆపుడు మన చేతుల లేదు. అంతవరకే.

బీరన్న గెలిచాడు. డోలు కొట్టుకుంటూ ఊరేగింపు ఉమారాణి ఇంటి ముందునుంచి పోయింది. ఆమె వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. తలెత్తలేదు.

సర్పంచ్ అయ్యాక అతను బాట కోసం దరఖాస్తు రాయించాలనుకున్నాడు. రాయిస్తే భూమి పోతుందని తానే ఒప్పుకున్నట్టవుతుంది. జానెడు ఇవ్వనన్న నోటితో బాట అడగడం ఎట్లా? రేపు, ఎల్లుండి అనుకుంటూ నెలలు గడిచాయి. ధర్నా చేశాడు, మంచి మాటలు చెప్పాడు, జనం చప్పట్లు కొట్టారు. ఒకరోజు లారీల్లో సిమెంటు కడీలు దిగాయి. కంచె లేచింది.

మందలు గుట్ట చుట్టూ తిరిగి కుంటకు పోవాల్సి వచ్చింది. ఎండాకాలం గొర్రెపిల్లలు దారిలోనే కూలబడ్డాయి. పర్వతాలు అనే ముసలి కాపరి తన మంద మొత్తం అమ్మేశాడు. ఆ రోజు బీరన్న అతని ఇంటికి పోతే, పర్వతాలు ఖాళీ దొడ్డి వైపు చూస్తూ అన్నాడు.

"నీ మాట ఇని సంబురపడ్డ బిడ్డా. గట్ల సంబురపడకపోతే మంచిగుండు."

తిట్టినా బాగుండేది. బీరన్న నేరుగా ఉమారాణి ఇంటికి పోయాడు. గడపలో నిలబడ్డాడు.

"నీ మాట మిగిలింది నాకెరుకే ఉండె చెల్లే," అన్నాడు.

"నీకు ఎరుకని నాకెరుకే," అంది ఆమె. "నువ్వు రూలు తప్పలే అన్నా. గదే నాకు ఎక్కువ బాధ. ఎవ్వలనీ అడగనీకి లేదు."

క్షమించానని అనలేదు. కానీ మరునాడు బాట అడగడానికి అతనితో నల్లగొండ బస్సు ఎక్కింది. ఎన్నోసార్లు తిరిగాక, అతని పదవి చివరి ఏడాదిలో, గుట్ట రాళ్ల వైపునుంచి కుంటకు సన్నటి బాట ఇచ్చారు. అప్పటికి ఊళ్లో సగం మందలు లేవు.

గడువు దాటిన చాన్నాళ్లకు, రెండువేల ఇరవై అయిదు డిసెంబరులో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. బీరన్న నిలబడలేదు. ఉమారాణి నిలబడింది. ఆమెకు పోటీ విజేందర్, ప్లాట్ల వ్యాపారం చేసే మనిషి. ముఖాముఖికి పెద్దమనిషిగా ఉండమని శివకృష్ణ వచ్చి అడిగాడు. బీరన్న షరతులు పెట్టాడు. ప్రశ్న ప్రశ్నకూ వరుస మారాలి. ఒకరి మాటకు ఇంకొకరు జవాబు చెప్పుకునే వీలుండాలి. మాట పూర్తయ్యేదాకా ఎవరినీ ఆపకూడదు.

"గట్లయితే ఎవ్వలు చూస్తరు బాపూ," అన్నాడు శివకృష్ణ. అయినా ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం విజేందర్ రాలేదు. పనుందని కబురు పంపి, తన ఇంట్లో కూర్చుని మాట్లాడి, వెనక పాట పెట్టిన వీడియో ఒకటి ఫోన్లలో వదిలాడు. ఎదురు మనిషి లేకుండా మాట్లాడించడం న్యాయమా అని బీరన్నకు గుబులు పట్టింది. విజేందర్‌కు మళ్లీ ఫోన్ చేయించాడు. ఎత్తలేదు. చివరికి ఉమారాణి ఒక్కతే మాట్లాడింది. నీళ్ల గురించి, రాళ్ల బాట గురించి నింపాదిగా చెప్పింది. వచ్చినవాళ్లు కదలకుండా విన్నారు. వచ్చినవాళ్లు తక్కువే.

విజేందర్ గెలిచాడు.

బీరన్నకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఈసారి తప్పెక్కడుందో అతనికి చిక్కలేదు. తాను పెట్టిన పద్ధతి మంచిదే. దానికి రాని మనిషే గెలిచాడు.

మూడోనాడు ఉమారాణే అతని ఇంటికి వచ్చింది. రాళ్ల బాట పక్కన ప్లాట్ల హద్దురాళ్లు పాతుతున్నారని చెప్పింది.

"సోమారం కలెక్టరు ప్రజావాణికి పోయి అర్జీ ఇయ్యాలె. వస్తవా అన్నా?"

"వస్త."

"మాట్లాడేది నేనే."

బీరన్న తలూపాడు. సోమవారం ఇద్దరూ నల్లగొండ కలెక్టరాఫీసు బెంచీ మీద కూర్చున్నారు. వరుస చాలా పొడుగుంది. మధ్యాహ్నమైంది, ఇంకా వాళ్లను పిలవలేదు.