గుర్రపుడెక్క కదిలిన రోజు

పొద్దున్నే ఆరింటికి భవానీపురంలో సిటీ బస్సెక్కి, బస్టాండులో మారి, ఉయ్యూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అద్దం పూర్తిగా పడదు, మోకాళ్ల మీద వాన. ఉయ్యూరు అవతల మా సాంబశివరావు బావ పొలంలో నాట్లు మునిగాయి. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క. రేపటికి నీరు దిగకపోతే నాట్లు కుళ్లిపోతాయి. మళ్లీ వేయడానికి నారు లేదు.

"ఆఫీసర్లందరూ ఇవాళ ఒకేసారి వస్తున్నార్రా. నువ్వు మాటకారివి, వచ్చి పక్కన నిలబడు" అని బావ ఫోను చేశాడు. బ్యారేజీ గేటును భుజంతో ఎత్తానని చెప్పుకునే మనిషిని నేను. కోతలరాయుడు అనకుండా మా ఇంట్లో నన్ను మర్యాదగా అనే మాట 'మాటకారి'.

"ఈ వానలో ఎక్కడికి బాబూ?" అంది పక్క సీట్లో చేపలమ్మే ఆవిడ.

"డిపార్టుమెంట్లకి పెళ్లండీ."

"పెళ్లికూతురెవరు?"

"మా బావ పొలం."

ఆవిడ నవ్వలేదు.

ఉయ్యూరులో ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. పదింటికి కాలువ గట్టు నిండా జీపులే. ఆ కాలువ పై ముక్క మునిసిపాలిటీది, నడిమిది రోడ్ల శాఖది, కిందిది డ్రెయినేజీ వాళ్లది. శుభ్రం చేయడమంటే డెక్కను పక్కవాళ్ల ముక్కలోకి నెట్టడమే. గట్టుకు తీస్తే లారీ పెట్టాలి కదా! ఇన్నాళ్లూ తలో రోజు నెట్టేవారు కాబట్టి డెక్క చెదిరి ఉండేది, సందుల్లోంచి కాస్త నీరు పోయేది. ఈసారి ఈ శాఖలన్నిటి మీదా ఉండే అథారిటీ నుంచి వచ్చిన పెద్దాఫీసరు అందరినీ కలిపారు.

"ఒకే రోజు, ఒకే టైముకండీ. ఇన్నాళ్లూ కోఆర్డినేషన్ లేకే ఇలా అయింది" అన్నారాయన.

"కిందికి నెడితే నా పొలం దగ్గర సన్న తూముందండీ, మూసుకుపోతుంది" అన్నాడు బావ.

"అది హైవే వాళ్లదండీ. లెటర్ పెట్టాం."

నేను నోరు తెరిచేలోపే పొక్లెయిన్లు కదిలాయి. పచ్చటి డెక్క తివాచీలా జారి వెళ్లి తూముకు అడ్డం పడింది. మధ్యాహ్నానికి మూడు ముక్కలూ అద్దంలా ఉన్నాయి. ఫొటోలు దిగారు, బిర్యానీ పొట్లాలు తిన్నారు, వెళ్లిపోయారు.

"ఒక్క గంట తూము దగ్గర లాగు బాబూ" అని బావ చివరి డ్రైవరును బతిమాలాడు.

"హద్దు దాటితే డీజిల్ ఇవ్వరండీ."

బావా నేనూ గొంతు లోతు నీళ్లలో దిగి కొక్కేల కర్రలతో లాగాం. ఒక మోపు తీస్తే రెండు వచ్చి చేరేవి. మూడింటికి నీరు గట్టు దాటింది. నాట్ల కొసలు కూడా కనిపించలేదు.

"ఇంక రండయ్యా. ఎవరి కోసం?" అని గట్టు మీంచి అక్క పిలిచింది. చీకటి పడ్డా బావ కర్ర వదల్లేదు. ఆఖరి బస్సు ఉందని నేనే బయటికొచ్చాను.

తిరుగు బస్సులో పక్కాయన నా తడిబట్టలు చూసి ఏమైందన్నాడు. ఒక్క ముక్క కలపకుండా చెప్పాను.

"భలే కోతలు కోస్తారండీ! అన్ని డిపార్టుమెంట్లూ ఒకే రోజు వచ్చాయా?" అని ఆయన పగలబడి నవ్వాడు.

ప్యాంటుకు అంటుకున్న డెక్క కాడ తీసి చూపించబోతే చేయి జారి ఆయన కాళ్ల దగ్గర పడింది. ఆయన నవ్వుతూనే దాన్ని చెప్పుతో ముందు సీటు కిందికి నెట్టాడు.